ఎరువు వాద్యములు

తెలుగున నొకరినుండి యొకరు పుచ్చుకొని మరల నిచ్చు వ్యవహారమునకు మూడు మాటలున్నవి: అప్పు, బదులు, ఎరువు. రూపాయలు పుచ్చుకొన్న నది అప్పు. పుచ్చుకొన్న నాణెములే తిరిగి యియ్య నక్కరలేదు, అంత సొమ్ము చెల్లించిన చాలును. ప్రక్కయింట శేరు నూనె తెచ్చుకొన్న నది బదులు. ఆ నూనె కూరలో కలిసిపోవును, మరియొక శేరు కొలిచి యిచ్చినచో ఋణము తీరును. ఎరువు అట్టిది కాదు. పెండ్లికి తెచ్చిన కాసులపేరు గాని, దుక్కికి తెచ్చిన కాడి గాని, ఏది తెచ్చితిమో అదియే, తెచ్చిన రూపముననే, తెచ్చిన వాకిటికే కొనిపోయి యియ్యవలెను. (పైరునకు వేయు ఎరువు సంగతి వేఱు. దానిని తిరిగి యిమ్మని యడుగువారు లేరు.) "ఎరువు సొమ్ము బరువు చేటు" అని మన ముత్తైదువలు చెప్పుట నగలను గూర్చియే యైనను, ఆ మాట వాద్యములకు మరింత చక్కగా నతుకును.

లెక్కలు వ్రాయుట నా వృత్తి. అప్పునకు పత్రమున్నది, వడ్డీ యున్నది, కాలదోషమున్నది. ఎరువునకు పత్రము వ్రాసినవారిని మన గ్రామములలో నేను చూడలేదు. అది కేవలము నోటిమాట. అందును వాద్యముల యెరువు మిక్కిలి సున్నితమైనది. ఇచ్చువాడును పుచ్చుకొనువాడును ఒకే విద్యవారు. నేడు ఒకే పందిటిలో కూర్చుండినను, రేపు వచ్చు తిరునాళ్ళలో పోటీదారులు.

ఈ పోటీ యెంతటివారిని విడువదనుటకు మన ప్రాంతముతో సంబంధమున్న కావ్యమే సాక్షి. నంద్యాల కృష్ణమరాజునకు పింగళి సూరన 16వ శతాబ్దిలో కళాపూర్ణోదయము నంకిత మిచ్చెను. ఆ కథకు మూలము రాజుల యుద్ధము కాదు, తోటి గాయకునిపై అసూయ. తుంబురుని గానమునకు లభించిన గౌరవమును సహింపలేక నారదుడు ద్వారకకు వచ్చి జాంబవతి, సత్యభామ, రుక్మిణి సన్నిధిని శిష్యుడై సంగీతము నేర్చెను. దేవర్షి స్థితియే యిట్లున్నప్పుడు, తన మృదంగము మరియొకని చేతిలో తనకంటె బాగుగా పలికినదని విన్న మన భజన గుంపువాని మనస్సు చివుక్కుమనుట వింత కాదు. "ఇచ్చుటకు నాకేమి, వాడు పాడుచేయును" అని పలుకువారిలో కొందఱి భయము, వాడు పాడుచేయుననుట కాదు, వాడు బాగుగా వాయించుననుట!

ఎరువును గూర్చి మన ధర్మశాస్త్రములు మౌనముగా లేవు. యాజ్ఞవల్క్యస్మృతి యందు ఉపనిధి ప్రకరణమున అడిగి తెచ్చిన వస్తువునకు యాచిత మని పేరు. విజ్ఞానేశ్వరుడు మితాక్షర యందు దీనికి వివాహాద్యుత్సవములకై అడిగి తెచ్చుకొన్న వస్త్రములు, ఆభరణములు మున్నగునవి యని వ్యాఖ్య చేసెను. ఆ గ్రంథమును 13వ శతాబ్దిలో మూలఘటిక కేతన విజ్ఞానేశ్వరీయముగా తెనుగు చేసినందున ఈ న్యాయము మన భాషలోనికి ఏడువందల యేండ్లకు పూర్వమే వచ్చినది. దొంగలు గాని, రాజు గాని, దైవము గాని హరించినచో పుచ్చుకొన్నవాని తప్పు లేదు. యజమాని యడిగినను ఇయ్యక, అటుపిమ్మట వస్తువు పోయెనేని దాని విలువయు, అంతకు సమమైన దండమును చెల్లింపవలెను. తప్పంతయు నష్టములో లేదు, ఆలస్యములో నున్నదని స్మృతికారుని తాత్పర్యము. 1905లో మైసూరున బయల్పడి 1909లో అచ్చయిన కౌటిల్యుని యర్థశాస్త్రము యాచితకమును, అద్దెకు తెచ్చిన అవక్రీతకమును ఒకచోట చేర్చి, ఎట్లు పుచ్చుకొనిరో అట్లే తిరిగి యియ్యవలె ననుచున్నది.

ఇంగ్లీషువారి కాలమున వచ్చిన 1872 నాటి భారత ఒప్పందముల చట్టము నేటికిని అమలులో నున్నది. అందు 150వ విభాగము ఇచ్చువానిని పట్టుకొనును. వస్తువునందలి లోపము తనకు తెలిసియు చెప్పక యిచ్చినచో, ఆ లోపమువలన కలిగిన నష్టమునకు అతడే బాధ్యుడు. 151వది పుచ్చుకొన్నవానిని పట్టుకొనును. వివేకముగల సామాన్యుడు తన వస్తువును చూచుకొనునట్లే దానిని చూచుకొనవలెను. 154వ విభాగమునకు చట్టమే యిచ్చిన ఉదాహరణ మిక్కిలి రుచికరము. ఒకడు తాను మాత్రమే స్వారి చేయుదునని గుఱ్ఱమును తెచ్చి తనవాని నెక్కించెను. ఆ యెక్కినవాడు జాగ్రత్తగానే నడిపెను గాని గుఱ్ఱము పడి దెబ్బతిన్నది. జాగ్రత్తపడితిమను సాకు చెల్లదు, తెచ్చినవాడు పరిహార మీయవలసినదే. గుఱ్ఱమునకు మారుగా హార్మోనియము అని చదువుకొనుడు. మన పల్లెలలో పాడైన వాద్యములలో నెక్కువ భాగము మొదటి చేతిలో పాడుకాలేదు, రెండవ చేతిలో పాడైనవి. 159వది ఇచ్చువానికి స్వేచ్ఛ నిచ్చును. ఉచితముగా నిచ్చినది గడువు తీరకమునుపే తిరిగి యడుగవచ్చును. అయినను అతని మాట నమ్మి పని మొదలిడినవానికి, పొందిన లాభమును మించిన నష్టము కలిగినచో ఆ మించినంత భరింపవలెను. కావున అలిగి రెండవ యంకము నడుమ హార్మోనియము లాగుకొని పోవుటకు చట్టములోను పూర్తి సమ్మతి లేదు.

వాద్యమును ఎరువిచ్చుట కాసులపేరు నిచ్చుట వంటిది కాదు. కాసులపేరు ఎవరి మెడలోనైనను నొక్కటియే. వాద్యము వాయించువాని చేతికి అలవడి యుండును. నాగస్వరమును చూడుడు. ఎక్కుదల గొట్టము నెరువిచ్చినను, నోట పెట్టుకొను పీకను విద్వాంసు డెవ్వరికిని ఇయ్యడు. అది అతని పెదవులకు, అతని యూపిరికి కుదిరినది. వీణకు పనస దండిపై మైనము పోసి 24 మెట్లు నిలుపుదురు. మన సీమ యెండలలో బండిమీద కప్పులేక తెచ్చినచో మైనము మెత్తబడి మెట్లు జరుగును. తిరిగి వచ్చిన వీణ చూపునకు చెక్కుచెదరక యుండును, స్వరము మాత్రము తప్పును. ఇచ్చినవాడు దీనిని ఎవరికి చూపి నమ్మించును?

మృదంగము కథ యింకను సూక్ష్మము. ఎడమ మూతకు వాయించు వేళ రవ్వముద్ద తడిపి యద్దుదురు. ఆ ముద్దవలననే గంభీరమైన ధ్వని పుట్టును. కచేరి ముగిసిన వెంటనే దానిని గీకి తీసి తుడువవలెను. తెల్లవాఱుజామున నాటకము ముగియగనే నిద్రమత్తులో వాద్యమును సంచిలో దూర్చినచో ముద్ద యెండి తోలును పట్టి లాగును, పురుగు చేరును. మరియొక ప్రమాదము శ్రుతివలన వచ్చును. పద్యనాటకములలో నటకులు మిక్కిలి హెచ్చు శ్రుతిలో పాడుదురు. భజనకు తగ్గు శ్రుతిలో అలవాటైన మృదంగమును ఆ యెత్తునకు బిగించి రాత్రియంతయు వాయించినచో వార్లు సాగును, కుడి మూత చినుగుటకు సిద్ధమగును. చినుగుట అక్కడ జరుగదు, మన యింటికి వచ్చిన పదియవనాడు జరుగును. అప్పుడు ఎవరిని నిందింపవలెను?

హార్మోనియము మాత్రము వీనికి భిన్నమైనది. 1842లో పారిసు నగరమున అలెగ్జాండర్ దెబేన్ దీనికి హక్కుపత్రము పొందెను. ఆ కాలితొక్కు పెట్టె మన దేశమునకు వచ్చి, కలకత్తాలో ద్వారకానాథ ఘోషు చేత చేతితో తిత్తి యూదు రూపమును దాల్చెను. నేలపై కూర్చుండి పాడు మనవారికి అదియే యనుకూలమైనది. దాని మెట్ల స్వరములు స్థిరములు. వాయించువా డెవడైనను శ్రుతి మాఱదు. ఈ స్థిరత్వమువలననే గమకములు పలుకవని ఆకాశవాణి 1940లో దానిని బహిష్కరించెను. 1971 వరకు ఆ నిషేధము సడలలేదు. శాస్త్రజ్ఞుల యాక్షేపణ సరియైనదే. కాని సంగీతమునకు లోపమైనది ఎరువునకు గుణమయ్యెను. ఎవరికైనను ఇయ్యదగిన వాద్యము, ఎవరు తెచ్చినను వెంటనే కూర్చుండి వాయింపదగిన వాద్యము పల్లెలకు లభించినది అప్పుడే. రేడియోలో నోరు మూయబడిన ముప్పది యేండ్లును అది మన రచ్చబండలపై ఊరినుండి యూరికి తిరుగుచునే యుండెను.

రాయలసీమ నాటకమునకు పుట్టినిల్లు వంటిది. ధర్మవరము రామకృష్ణమాచార్యులు బళ్ళారిలో పాటలతో, పద్యములతో తెలుగు నాటకమును నిలిపెను. ఆ బళ్ళారి పేరును ఇంటిపేరుగా ధరించిన రాఘవ జన్మించినది 1880లో మనకు సమీపమున నున్న తాడిపత్రిలోనే. కడప జిల్లా సురభి గ్రామమున 1885లో కీచకవధతో మొదలైన సురభి సంస్థవారికి ఎరువుతో అంతగా పని లేదు. వేషధారులు, వాద్యకారులు, తెర లాగువారు అందఱును బంధువులే. ఎరువు బెడద మనవంటి పల్లెటూరి నాటకములకే. ఏటి కొక్క నాటకమాడు ఊరు అన్ని వాద్యములను కొనలేదు. ఒక యూర హార్మోనియము, ఒక యూర మృదంగము, మరియొక యూర తబలా. మూడూళ్ళు కలిసిననే యొక నాటకము.

ఈ ముడి తెగిన సంగతి మన యూరిలో పెద్దలందఱకు తెలియును. నా బాల్యమున మన భజన మందిరపు హార్మోనియమును ఒక శివరాత్రికి పొరుగూరివారు (పేరు చెప్పను) తీసికొనిపోయిరి. మూడవనాడు రావలసినది మూడు వారములకు వచ్చినది. తిత్తిని ఎలుకలు కొఱికినవి, రెండు స్వరములు మూగవైనవి. విచారింపగా వారి చేతినుండి అది మరియొక గుంపు చేతికి పోయినట్లు తేలినది. స్మృతికారులు దీనికి అన్వాహిత మని పేరు పెట్టిరని నాడు చెప్పువారు లేరు. పంచాయతి జరిగినది, మాటలు పెరిగినవి, పరిహారము మాత్రము రాలేదు. మన పెద్దలు పెట్టెకు తాళము వేసి, ఇకమీదట ఊరు దాటింపరాదని నిశ్చయించిరి.

దాని ఫలము శ్రీరామనవమికే కనబడెను. ఇయ్యని యూరికి ఇచ్చువారెవ్వరు? మనకు మృదంగము దొరకలేదు. ఆ యేడు నాటకము నిలిచిపోయెను. మఱుసటి యేడును నిలిచెను. పద్యములు వచ్చినవారు పెద్దవారైరి, పిల్లలకు నేర్పుటకు సాధనము లేదు. తాళములోనున్న హార్మోనియమైనను సురక్షితముగా నుండెనా? గాలి యాడక తిత్తి తోలు బిగిసి పగిలెను, ఇత్తడి రేకులకు కిలుము పట్టెను. పొరుగువాడు మూడు వారములలో చేసిన నష్టముకంటె మన తాళము చేసిన నష్టమే యెక్కువయని నా లెక్క. ఈ లెక్కను ఒప్పుకొననివారు మన సభ్యులలో నున్నారని యెఱుగుదును. వారి వాదము త్రోసివేయదగినది కాదు. నష్టపడినది వారి తండ్రులు వేసిన చందా.

ఇటలీ దేశమున జరిగినట్లు చెప్పు నొక కథ వారికి నచ్చునో నచ్చదో. పగనీని అను వయొలిను విద్వాంసుడు (1782–1840) జూదములో తన వాద్యమును పోగొట్టుకొని లివోర్నో పట్టణమున కచేరికి వట్టిచేతులతో నిలిచెను. లివ్రాన్ అను ఫ్రెంచి వర్తకుడు గ్వార్నేరి 1743లో చేసిన తన వయొలిను నెరువిచ్చెను. కచేరి విన్న పిమ్మట, నీవు వాయించిన దానిని నేను మరల తాకనని తిరిగి పుచ్చుకొనలేదట. పగనీని దానిని జెనోవా నగరమున కిచ్చి పోయెను. ఆ నగరమువారు నేటికిని దానిని భద్రపఱచి, ఎన్నికైన విద్వాంసులకు అప్పుడప్పుడు వాయించుటకు ఇచ్చుచున్నారు. జూదరికి వయొలిను నిచ్చిన వర్తకునికి లెక్కలు రావని నేననను. వాద్యము ఊరకుండిన చెడునని అతనికిని, నగరమువారికిని తెలిసినది.

మన ముంగిటనే యున్న బెలుం గుహలను తలచుకొనకుండ ఈ విషయము విడువలేను. 1884లో రాబర్టు బ్రూసు ఫుట్ చూచి వ్రాసిన ఈ గుహలను గెబావర్ నాయకత్వమున జర్మనులు 1982, 83 ప్రాంతమున కొలిచిరి. 3,229 మీటర్ల పొడవు తేలినది. 2002 నుండి జనులు చూచుచున్నారు. 2006లో తెఱచిన సప్తస్వరాల గుహలో సున్నపుఱాతి ఊడలను వ్రేళ్ళ కణుపులతో తట్టిన నాదము పుట్టును. బొట్టు బొట్టుగా నీరు వేలయేండ్లు కట్టిన వాద్యమది. దానికి యజమాని తలుపువద్ద కూర్చుండి పేరు వ్రాసికొనడు. వచ్చినవారందఱును ఎరువు పుచ్చుకొన్నవారే. ఒక యూడ విఱిగినచో మరమ్మతు చేయు కమ్మరి లేడు.

మన గ్రంథాలయము ఇరువదియైదేండ్లుగా ఎరువు వ్యవహారమునే చేయుచున్నది. పుస్తకము పోయిన సందర్భములు ఉన్నవి. ఆ కారణమున బీరువాకు శాశ్వతముగా తాళము వేయవలెనని యే సర్వసభ్య సమావేశమును తీర్మానింపలేదు. పూర్వము ఐరోపాలో పుస్తకములను బల్లలకు గొలుసులతో కట్టి చదివించెడివారు. మనము గొలుసునకు మారుగా చిట్టా పెట్టుకొంటిమి. భజన మందిరపు వాద్యములకును ఆ చిట్టాయే చాలునని కార్యవర్గమువారు ఈ రజతోత్సవ సందర్భమున అంగీకరించిరి. హార్మోనియమునకు క్రొత్త తిత్తి వేయించిరి. మృదంగమునకు రెండు మూతలును మార్పించిరి. చిట్టా గీయు పని నాకు ఒప్పగించిరి.

అందు పుచ్చుకొన్నవాని పేరు, ఊరు, తేది, తిరుగు తేది యున్నవి. వాద్యము నిచ్చునాడు ఇరువురును కూర్చుండి ప్రతి స్వరమును పలికించి, పలుకనిదానిని ఇచ్చినవాడే తన చేతితో వ్రాయుటకు ఒక గడి విడిచితిని. ఎవరు వాయింతురను గడి మరియొకటి. అందు వ్రాసిన పేరుగలవాడు తప్ప వేఱొకడు వాయింపరాదు. మృదంగము వరుసలో మాత్రము ఒక గడి యెక్కువ గీసితిని: రవ్వముద్ద గీకి తుడిచినది ఎవరు, ఎన్ని గంటలకు. మొదటి పుటలో మొదటి వరుసను నాటి పొరుగూరివారి కొఱకే ఖాళీగా నుంచితిమి. వచ్చు శివరాత్రికి మనుష్యుని పంపుదుమని వారు కబురు చేసియున్నారు.