పెనగులాటను మరచిన మాట

కార్యాలయముల దస్త్రములలో ‘రిలక్టెంట్’ అనెడి ఆంగ్లపదము తరచుగ కనబడును. పై అధికారి ఒక సెలవు అర్జీకి ‘రిలక్టెంట్లీ’ సమ్మతించెననగా, మనసొప్పకయే సంతకము చేసెనని అర్థము. ఇంత మెత్తని యీ మాటకు ఒకానొకప్పుడు కుస్తీరంగపు ధూళి అంటియుండెనని తలచువారు అరుదు. దీనికి తోబుట్టువైన క్రియ ‘రిలక్ట్’. అది 16వ శతాబ్దము నుండియు ఇంగ్లీషున నున్నను, నేడు పెద్ద నిఘంటువులలో తప్ప అంతగా కానరాదు.

దాని పుట్టిల్లు లాటిను. ఆ భాషలో ‘లుక్తారి’ యనగా కుస్తీపట్టుట. ‘రె’ అను ఉపసర్గ ఎదురును తెలుపును. కావున ‘రెలుక్తారి’ యనగా, తన్ను పట్టినవానికి లొంగక ఎదురు పెనగుట. అదే ధాతువు నుండి పుట్టిన ‘ఇనెలక్టబుల్’ అను పదమునకు, ఎంత పెనగినను విడిపించుకొనరానిదని అర్థము. వర్జిల్ మహాకవి ట్రాయి నగరము కూలు వేళను వర్ణించుచు దీని లాటిను రూపమును వాడెను. తెలుగున ‘పెనగు’ అను క్రియయు ‘పెన’తో, అనగా త్రాటి మెలితో, సంబంధించినదే, మెలివడిన రెండు దేహములు కన్నులకు గట్టును. అందుచే ‘రిలక్ట్’ను ‘వెనుకాడు’ అని తెనిగించుట చాలదు. వెనుకాడువాడు ఇంకను పట్టుబడలేదు. పెనగువాడు పట్టుబడియే యున్నాడు.

మిల్టన్ 1667లో ప్రకటించిన ‘పారడైజ్ లాస్ట్’ పదవ భాగమున, సైతాను తన యిచ్ఛకు విరుద్ధముగ సర్పమైపోవు ఘట్టము కలదు. అచట ‘రిలక్టెంట్’ అను మాట దేహముతో చేసిన పెనగులాటనే తెలుపును. తరువాతివారి వాడుకలో ఆ పట్టు సడలి, అది మర్యాదస్థుల సంకోచముగ మారినది. 1888లో ఆలివర్ హెవిసైడ్ అయస్కాంత అభివాహమునకు కలుగు నిరోధమునకు ‘రిలక్టెన్స్’ అని పేరిడుటచే, పాత అర్థపు ఛాయ విద్యుచ్ఛాస్త్రమున నిలిచినది.

క్రియను మాత్రము మరువరాని తావున నిలిపినవాడు చార్లెస్ లాంబు. అతడు వ్యాసకర్తగ ప్రసిద్ధుడు, వృత్తిచే గుమాస్తా. 1792 మొదలు 1825 వరకు లండనులో ఈస్టిండియా కంపెనీ కార్యాలయమున లెక్కలు వ్రాసెను. 1611లో మచిలీపట్టణమున వర్తకస్థానము నెలకొల్పిన కంపెనీయే అది. పగలు తేయాకు, నీలిమందు పద్దులు, విరామవేళల సాహిత్యము. ఈ దినచర్య తెలుగు గుమాస్తాలకును క్రొత్త కాదు.

1821 జనవరిలో వెలువడిన ‘న్యూ ఇయర్స్ ఈవ్’ అను వ్యాసమున, తప్పింపరాని విధిగతిని గూర్చి చెప్పుచు లాంబు ఈ క్రియను వాడెను. అప్పటికతని వయస్సు నలుబదియైదేండ్లు. మృత్యువును ప్రశాంతముగ స్వాగతింపుమను బోధలకు అతడు చెవియొగ్గలేదు. పచ్చని పొలములు, ఒంటరి నడకలు, దీపపు వెలుగున ముచ్చట్లు, చేతినిండు పుస్తకములు, వీనిని విడువజాలనని మొరాయించెను. విధి పట్టు వదలదని అతడెరుగకపోలేదు, ఎరిగియే పెనగెను. ఇచట ‘వెనుకాడెను’ అన్నచో కేవలము భయము మిగులును.

1825 మార్చిలో కంపెనీ అతనికి భృతి నొసగి పనినుండి విడిపించెను. ఆ యేడే వ్రాసిన ‘ది సూపరాన్యుయేటెడ్ మాన్’ అను వ్యాసమున, అట్లే విముక్తి పొందిన గుమాస్తా ఒకడు పాత కార్యాలయమును చూడబోవును. తన బల్లయు, తాను టోపీ తగిలించు కొయ్యయు వేరొకరి పాలగుట చూచి, అట్లు జరుగకతప్పదని తెలిసియు, మనసు సమాధానపరచుకొనలేకపోవును.