మతేరా గుహలు: నాటి జాతీయ అవమానం, నేటి విలాసపు విడిది

దక్షిణ ఇటలీలోని బసిలికాటా ప్రాంతంలో, లోతైన లోయ అంచున మతేరా పట్టణం ఉంది. మెత్తని సున్నపురాతిని తొలిచి, ముందు భాగాన కొంత గోడ కట్టి చేసుకున్న నివాసాలు అక్కడ ఒకదానిపై ఒకటి అంచెలంచెలుగా కనిపిస్తాయి. స్థానికులు వాటిని సాస్సి అంటారు. రాళ్లు అని ఆ మాటకు అర్థం. ఈ గుహల్లో అనేకం నేడు చిన్న చిన్న హోటళ్లుగా మారాయి. గోడల గరుకుదనాన్ని, గానుగు రాళ్లను, పశువుల తొట్లను చెరపకుండా ఉంచడమే వాటి ప్రత్యేకత. కొన్నింటిలో టెలివిజన్ కూడా ఉండదు. ఒకచోట పాత గుహాలయంలోనే అల్పాహారం వడ్డిస్తారు. నిరాడంబరత కోసం అతిథులు భారీగా చెల్లిస్తారు.

అతిథి పడుకునే ఆ గదిలోనే డెబ్బై ఏళ్ల క్రితం ఒక కుటుంబం తన కంచరగాడిదతో, కోళ్లతో కలిసి బతికింది. ఆ కుటుంబం తనంత తానుగా ఇల్లు వదలలేదు. ప్రభుత్వం చట్టం చేసి మరీ పంపించింది. మతేరా చరిత్రలో రాజకీయం అంతా ఈ రెండు దృశ్యాల మధ్యనే ఉంది.

గుహలు మొదటి నుంచీ దారిద్ర్యానికి గుర్తు కావు. నీరు అరుదైన ఆ నేలలో వానచుక్కను వృథా పోనివ్వకుండా తొట్లలోకి, బావుల్లోకి మళ్లించిన నేర్పు సాస్సిది. పట్టణం నడిబొడ్డున ఉన్న పలొంబారో లుంగో అనే భూగర్భ జలాశయంలో దాదాపు 50 లక్షల లీటర్ల నీరు పడుతుంది. 1663 నుంచి మతేరా బసిలికాటాకు పాలనా కేంద్రంగా ఉండేది. 1806లో జోసెఫ్ బోనపార్ట్ ఏలుబడిలో ఆ హోదా పొటెన్సాకు తరలిపోయింది. తర్వాతి కాలంలో జనాభా పెరిగింది, ఉమ్మడి భూములు చేజారాయి. పశువుల కొట్టాలు, ధాన్యపు గాదెలు, చివరికి నీటి తొట్లు సైతం మనుషుల ఇళ్లయ్యాయి. ఇరవయ్యో శతాబ్దం ప్రపంచానికి చూపించిన మతేరా ఈ క్షీణదశలోని మతేరాయే.

దాన్ని చూపించినవాడు కార్లో లేవి. టూరిన్‌కు చెందిన ఈ చిత్రకారుడు, వైద్యుడు ఫాసిస్టు వ్యతిరేకి కావడంతో ముస్సోలినీ ప్రభుత్వం 1935లో ఆయనను ఈ ప్రాంతానికి ప్రవాసం పంపింది. ఆ అనుభవంతో రాసిన ‘క్రీస్తు ఏబొలి దగ్గరే ఆగిపోయాడు’ 1945లో వెలువడింది. క్రీస్తు తమదాకా రాలేదన్న అక్కడి రైతుల మాటలో మతం కన్నా రాజ్యం గురించిన ఫిర్యాదే ఎక్కువ. పన్నుల అధికారి తప్ప రాజ్యం తరఫున మరెవరూ తమ గడప తొక్కలేదన్నది వారి భావం. మతేరాను లేవి తన సోదరి కళ్లతో చూపించాడు. వైద్యురాలైన ఆమెకు ఆ గుహల వరస డాంటే వర్ణించిన నరకాన్ని గుర్తుకు తెచ్చింది. వెంటపడిన పిల్లలు ఆమెను అడిగింది డబ్బులు కాదు, మలేరియాకు క్వినైన్ మాత్రలు.

యుద్ధానంతర ఇటలీలో ఈ వర్ణన రాజకీయాస్త్రమైంది. మతేరాను ‘జాతీయ అవమానం’ అన్న మాట కమ్యూనిస్టు నేత పల్మీరో తొల్యాత్తిదని, 1948లో అక్కడికి వచ్చినప్పుడు అన్నాడని ప్రచారంలో ఉంది. అప్పటికి దక్షిణాది రైతుకూలీలు బీడు భూములను ఆక్రమిస్తున్నారు. 1949 డిసెంబరులో మతేరా సమీపంలోని మోంతెస్కలియోజోలో జుసెప్పె నొవెల్లో అనే కూలీ పోలీసు కాల్పులకు బలయ్యాడు. ఆ మరుసటి ఏడాది జులైలో క్రైస్తవ ప్రజాస్వామ్య పక్షానికి చెందిన ప్రధాని అల్చీదె దె గాస్పెరి మతేరా వచ్చాడు. గుహలు తరతరాలుగా ఉన్నాయి. ప్రధాని మాత్రం భూపోరాటం ముదిరాకే వచ్చాడు.

1952 మేలో 619వ నంబరు చట్టం వచ్చింది. సుమారు 15 వేల మందిని కొత్త ఇళ్లకు తరలించాలన్నది లక్ష్యం. మరుసటి మే నెలలో లా మార్తెల్లా అనే కొత్త గ్రామంలో తొలి ఇళ్లను ప్రధానే స్వయంగా అప్పగించాడు. సార్వత్రిక ఎన్నికలకు అప్పుడు కొన్ని వారాలే గడువుంది.

ఆ పథకంలో నిజాయితీ లేదనడం మాత్రం అన్యాయం. పారిశ్రామికవేత్త అద్రియానో ఒలివెత్తి చొరవతో, సామాజికవేత్త ఫ్రెడరిక్ ఫ్రీడ్‌మన్ తదితరులు సాస్సిలో లోతైన అధ్యయనం చేశారు. అక్కడి జీవితానికి మూలస్తంభం ‘విచినాతో’ అని వారు గుర్తించారు. ఒకే ముంగిలిని పంచుకునే కొన్ని గుహల సమూహం అది. ఒకే బావి, ఒకే చోట బట్టలుతుకు, ఒకరి బిడ్డను మరొకరు చూసుకోవడం. దాన్ని మనసులో ఉంచుకునే వాస్తుశిల్పి లుదొవీకో క్వరోని లా మార్తెల్లా వీధులను గీశాడు. ఇంటి పక్కనే కొట్టం కట్టించాడు. అయినా విచినాతో కాగితం మీద గీస్తే పుట్టేది కాదు. ఒకే ముంగిలిలో బతికిన కుటుంబాలు వేర్వేరు పేటలకు చెదిరిపోయాయి. వ్యవసాయ గ్రామంగా తలపెట్టినచోట చాలినంత భూమి దక్కలేదు.

వెళ్లినవారంతా ఏడుస్తూ వెళ్లారనుకోవడం కూడా పొరపాటే. కుళాయి నీరు, మరుగుదొడ్డి, ఎండ పడే కిటికీ వారికి చిన్న విషయాలు కావు. చెమ్మ గోడల మధ్య బిడ్డను పోగొట్టుకున్న తల్లికి గుహ సౌందర్యం గురించి ఎవరూ బోధించలేరు. ఆ ఇళ్లు నివాసయోగ్యం కావన్న తీర్పును తప్పుపట్టడం కష్టం. తప్పు వేరే చోట జరిగింది. ఖాళీ చేసిన గుహలు చాలావరకు ప్రభుత్వపరమయ్యాయి. తిరిగి రాకుండా ద్వారాలకు ఇటుకలు పేర్చి మూసేశారు. వాటిని బాగుచేసి వెనక్కివ్వడమనే ఆలోచన ప్రణాళికలో కనీస స్థానం పొందలేదు. అవమానం అంటగట్టిన ఇంటి మీద ఆశ పెట్టుకోవడానికి ఇంటివారికే సిగ్గనిపించింది.

మూడు దశాబ్దాలకు అదే ప్రభుత్వం దృష్టి మార్చుకుంది. 1986లో 771వ నంబరు చట్టం సాస్సి పునరుద్ధరణకు పదివేల కోట్ల లీరాలు కేటాయించింది. యాజమాన్యం ప్రభుత్వం వద్దే ఉంచుకుని, పురపాలక సంఘం ద్వారా గుహలను దీర్ఘకాలిక ఒప్పందాలపై ఇవ్వడం మొదలైంది. మళ్లీ జనం కాపురాలుండాలన్నది ఆ చట్టం ఉద్దేశాల్లో ఒకటి. 1993లో యునెస్కో సాస్సిని ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది. 2019లో మతేరా యూరోపియన్ సాంస్కృతిక రాజధాని అయింది. ప్రతి మెట్టు మీదా కాపురాల కన్నా హోటళ్లకే గిరాకీ పెరిగింది. 1976 భూకంపం తర్వాత ఉత్తరాన ఫ్రియులి ప్రాంతంలో ఒక ఆలోచన పుట్టింది. ఖాళీ అయిన ఊళ్లలో కొత్త భవనం కట్టకుండా, చెదురుమదురుగా ఉన్న పాత ఇళ్లనే ఒక హోటల్ గదులుగా నడపడం. సాస్సికి ఈ పద్ధతి చక్కగా అతికింది. ఒకప్పుడు విచినాతోను కలిపి ఉంచిన ముంగిలి ఇప్పుడు ఒకే హోటల్ గదుల మధ్య నడవ.

హోటళ్లను నిందించి లాభం లేదు. అవి లేకపోతే ఎన్నో గుహలు కూలిపోయేవి. పట్టణంలో ఎందరికో ఉపాధి వాటి వల్లే దొరికింది. ప్రశ్న యజమానుల గురించి కాదు, విలువ గురించి. ఆ రాతిని తొలిచినవారు, నీటిని పట్టినవారు, ముంగిళ్లను బతికించినవారు అక్కడున్నంత కాలం దానికి దక్కిన పేరు మురికివాడ. వారు వెళ్లిపోయాక అదే వారసత్వమైంది. విలువ కట్టే అధికారం రెండుసార్లూ బయటివారి చేతిలోనే ఉంది. పెరిగిన విలువలో పాత నివాసులకు వాటా ఉండాలన్న నిబంధన 1952లో రాసి ఉంటే, మతేరా కథ మరోలా నడిచేది.

తరలింపు, పునరావాసం, వారసత్వ హోదా, పర్యాటకం అనే నాలుగు మాటలు భారతీయ పాఠకులకు కొత్తవి కావు. ఆనకట్టల కింద మునిగిన ఊళ్ల నుంచి కోటగోడల పక్కన లేచిపోయిన గుడిసెల దాకా అవి ఇక్కడా వినిపిస్తూనే ఉంటాయి. మతేరా నేర్పేది ఒక్కటే. పేదవాడికి కొత్త ఇల్లు ఇవ్వడం అతని పాత ఇంటిపై హక్కును రద్దు చేసుకునే బేరం కారాదు. ఆ హక్కు పత్రం అతని చేతిలో ఉన్నప్పుడే, ఆ స్థలం ఏదో ఒకనాడు అపురూపమైతే, ఆ సంగతి మొదట అతనికి తెలుస్తుంది.