మనోవైద్య శిక్షణకు ప్రభుత్వ నిధులు: భోర్ కమిటీ నుండి ఎర్రగడ్డ దాకా

మానసిక చికిత్సాలయాల చరిత్ర అంటే సాధారణంగా భవనాల చరిత్ర, రోగుల చరిత్ర. అక్కడ పనిచేసేవారు ఎక్కడ, ఎవరి ఖర్చుతో చదువుకున్నారన్నది వేరే ప్రశ్న. 1946 నాటి భోర్ కమిటీ నివేదిక దీనిని సూటిగా ఎదుర్కొంది. సుమారు 40 కోట్ల జనాభాకు అప్పుడున్నవి పదివేలకు కాస్త మించిన పడకలు. పడకలతోపాటు శిక్షణ పొందిన సిబ్బంది కూడా కావాలని కమిటీ భావించింది. ఫలితంగా 1954లో బెంగళూరులో అఖిల భారత మానసిక ఆరోగ్య సంస్థ వెలిసింది. ఎం.వి. గోవిందస్వామి దాని తొలి సంచాలకులు. 1955లో అక్కడ వైద్యులకు ఒక డిప్లొమా, మనస్తత్వశాస్త్రం చదివినవారికి మరొక డిప్లొమా మొదలయ్యాయి. వైద్యుడు కానివారికి కూడా చికిత్సాలయంలో చోటు కల్పించడమే ఇందులో అసలు విశేషం. 1974లో ఈ సంస్థే నిమ్హాన్స్‌గా మారింది.

వ్యసన చికిత్స దారి వేరు. 1980లలో ఆసుపత్రి చికిత్స ఆరోగ్య శాఖకు, స్వచ్ఛంద సంస్థలు నడిపే విముక్తి కేంద్రాలు సంక్షేమ శాఖకు చెందాయి. రోగి ఒకడే అయినా శిక్షణకు, నిధులకు రెండు పద్దులు ఏర్పడ్డాయి.

పదకొండవ పంచవర్ష ప్రణాళికలో కేంద్రం మానవ వనరుల పథకాన్ని చేపట్టింది. పదకొండు ఉత్కృష్ట కేంద్రాలను ఎంపిక చేసి, ఒక్కొక్కదానికి గరిష్ఠంగా రూ. 30 కోట్లు కేటాయించదలచింది. ఏటా 44 మంది మనోవైద్యులు, 176 మంది క్లినికల్ సైకాలజిస్టులు, 176 మంది సైకియాట్రిక్ సోషల్ వర్కర్లు, 220 మంది నర్సులు తయారుకావాలన్నది లక్ష్యం. ఈ నిష్పత్తి గమనింపదగినది: వైద్యుడొక్కడికి పన్నెండు మందికి పైగా సహచరులు! ఎంపికైన పదకొండింటిలో హైదరాబాదు ఎర్రగడ్డలోని సంస్థ ఒకటి. ఒకప్పుడు జాల్నాలో ఉండి, తరువాత నగరానికి వచ్చిన చికిత్సాలయమది. ఊరి పేరే ఎగతాళి మాటగా మారిన చోటుకు స్నాతకోత్తర శిక్షణ రావడం భాషా చరిత్రకారులకు కూడా పట్టవలసిన విషయం.

అయితే కట్టడాలకు, పరికరాలకు, అధ్యాపక పదవులకు దక్కిన ప్రాధాన్యం విద్యార్థి జీవనభృతికి దక్కలేదు. పీజీ వైద్యునికి స్టైపెండ్ ఉన్నది. ఎం.ఫిల్ విద్యార్థికి జాతీయ సంస్థలలో లభించే భృతి అన్నిచోట్లా లేదు. ప్రైవేటు సంస్థలలో అతడే రుసుము చెల్లించాలి. ఫలితంగా పేద ఇంటి నుండి వైద్యేతర వృత్తుల్లోకి రావడం కష్టమైంది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వల్ల కలిగే మానసిక స్థితులను మానసిక రుగ్మత నిర్వచనంలోనే చేర్చి, శాఖలు విడదీసినదానిని కలిపింది. నిపుణుల సంఖ్యను అంతర్జాతీయ ప్రమాణాలకు చేర్చేందుకు ప్రభుత్వాలు పదేళ్లలో కృషి చేయాలని కూడా అన్నది. చట్టం అమలులోకి వచ్చింది 2018 మేలో. ఆ గడువు 2028 మేతో ముగుస్తుంది.