జింకను గుర్రమన్న కొలువు

బడ్జ్ బడ్జ్ అనగానే 1914లో కొమగాటమారు ప్రయాణికులపై జరిగిన కాల్పులు గుర్తుకు వస్తాయి. ఆ పట్టణానికి చేరువలో, హుగ్లీ ఒడ్డునే ఉన్న అచిపూర్‌ది మరొక చరిత్ర. వారన్ హేస్టింగ్స్ కాలంలో అక్కడ భూమి పొంది చక్కెర మిల్లు పెట్టిన టాంగ్ అచ్యూ అనే చైనీయుని పేరే ఆ ఊరికి నిలిచింది. ఎర్రరంగు పూసిన ఆయన సమాధిని దర్శించడానికి కోల్‌కతా చైనీయులు ఏటా తమ కొత్త సంవత్సరం వేళ అక్కడికి వస్తారు. బెంగాలీలు వారిని చీనావారంటారు. మన కావ్యాలలోని చీనాంబరంలో ఉన్నదీ ఆ మాటే. చిన్ అనే రాజవంశం నుంచి ఆ పేరు వచ్చిందని చాలామంది పండితుల అభిప్రాయం. పేరు రెండువేల ఏళ్లకు పైగా నిలిచింది. ఆ వంశం చైనానంతటినీ ఏలింది మాత్రం పదిహేనేళ్లే.

క్రీ.పూ. 221లో ఆరు రాజ్యాలను జయించిన చిన్ రాజు తనను తొలి చక్రవర్తిగా ప్రకటించుకున్నాడు. సామంతులను తొలగించి, దేశాన్ని 36 మండలాలుగా విభజించి, తాను నియమించిన అధికారుల చేతికిచ్చాడు. లిపి, తూనికలు, కొలతలు, చివరకు బండి ఇరుసు పొడవు కూడా దేశమంతా ఒకటే చేశాడు. ఈ వ్యవస్థకు సూత్రధారి ప్రధానామాత్యుడు లి స్సు. గతాన్ని చూపి వర్తమానాన్ని విమర్శించేవారి నోరు మూయించాలని క్రీ.పూ. 213లో గ్రంథాలను తగలబెట్టించినదీ ఆయన సలహాయే. మరుసటి ఏడాది రాజధానిలో 460 మందికి పైగా పండితులకు మరణదండన పడిందని చరిత్రకారుడు సీమా చియెన్ రాశాడు. అది తగదన్న పెద్ద కొడుకు ఫూ సూను చక్రవర్తి ఉత్తర సరిహద్దుకు పంపివేశాడు. కన్నకొడుకుకే ఆ గతి పట్టాక కొలువులో ఇంకెవరు నోరు విప్పుతారు?

దాని ఫలితం చక్రవర్తి మరణంతోనే బయటపడింది. క్రీ.పూ. 210లో ఆయన దేశాటనలో కన్నుమూశాడు. లి స్సు, రాజరథాల అధికారి చావ్ గావ్, చిన్న కొడుకు హూ హాయ్ కలిసి ఆ వార్తను దాచారు. మూసిన రథంలోకి వేళకు భోజనం వెళ్లింది. విన్నపాలకు లోపలి నుంచి అనుమతులు వచ్చాయి. ఎండలకు శవం వాసన వేస్తుంటే, అది తెలియకుండా ఉండేందుకు బండ్లలోకి ఎండు చేపలు ఎక్కించారు. ఈలోగా తండ్రి ఆజ్ఞ పేరిట ఒక దొంగ లేఖ సరిహద్దుకు చేరింది. అది చదివి ఫూ సూ ఆత్మహత్య చేసుకున్నాడు. హూ హాయ్ రెండవ చక్రవర్తి అయ్యాడు.

కొత్త ప్రభువు సోదరులను చంపించాడు. చక్రవర్తి నలుగురి కంటా పడితే గౌరవం తగ్గుతుందని చావ్ గావ్ నూరిపోస్తే అంతఃపురం దాటి రావడమే మానుకున్నాడు. క్రీ.పూ. 209లో చెన్ షెంగ్ తిరుగుబాటు లేవదీశాడు. ఆ వార్త తెచ్చిన దూతను చక్రవర్తి చెరలో వేయించాడు. తరువాత వచ్చినవారు, అవన్నీ చిల్లర దొంగల పనులనీ, స్థానికాధికారులు పట్టుకుంటున్నారనీ చెప్పారు. ఆయన సంతోషించాడు. మరుసటి ఏడాది లి స్సునే రాజద్రోహిగా నరికించారు. తాను పదునుపెట్టిన కత్తికే ఆయన బలయ్యాడు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఈ కథనాలన్నీ చిన్ వంశాన్ని తోసిరాజన్న హాన్ వంశపు కాలంలో రాసినవి. వానలవల్ల దారిలో ఆలస్యమైనందుకు మరణశిక్ష తప్పదనే చెన్ షెంగ్ తిరగబడ్డాడని సీమా చియెన్ అంటాడు. కాని 1975లో షుయిహుది సమాధిలో దొరికిన వెదురు పలకలపై ఉన్న చిన్ శాసనాలు, వెట్టిపనికి ఆలస్యంగా వచ్చినవారికి మందలింపు, జరిమానా మాత్రమే చెబుతున్నాయి. వాన పడితే పిలుపునే రద్దు చేయమంటున్నాయి. అవి తొలి చక్రవర్తి ఏకీకరణకు ముందునాటివి. సైనిక సేవకు వర్తించేవీ కాకపోవచ్చు. అయినా, ఆ రాజ్యంలో చట్టమంటే వట్టి క్రూరత్వమే కాదని అవి చూపుతున్నాయి. క్రూరమైన చట్టమే చిన్ వంశాన్ని కూల్చిందన్న తేలిక తీర్పు అందుకే చాలదు. అడుగున ఏం జరుగుతున్నదో సింహాసనానికి చేరే దారి మూసుకుపోవడం అంతకంటె పెద్ద కారణం.

ఆ దారి ఎంతగా మూసుకుపోయిందో క్రీ.పూ. 207లో చావ్ గావ్ స్వయంగా పరీక్షించాడు. కొలువులోకి ఒక జింకను తెచ్చి చక్రవర్తికి గుర్రమని సమర్పించాడు. ఆయన నవ్వి, ఇది జింక కాదా అని చుట్టూ ఉన్నవారిని అడిగాడు. కొందరు మౌనం వహించారు, కొందరు గుర్రమేనన్నారు. జింక అన్నవారిని చావ్ గావ్ గుర్తుపెట్టుకొని తరువాత శిక్షలపాలు చేశాడు. ఆనాడు గుర్రమన్న అధికారుల కళ్లకు ఏ లోపమూ లేదు.

త్వరలోనే చావ్ గావ్ మనుషులు అంతఃపురంలో జొరబడ్డారు. పక్కన మిగిలింది ఒక్క సేవకుడే. ఇదంతా ముందే ఎందుకు చెప్పలేదని చక్రవర్తి అతణ్ణి నిలదీశాడు. చెప్పలేదు గనుకనే ఇంతకాలం బతికి ఉన్నానని, చెప్పి ఉంటే ఎప్పుడో చంపించేవారేనని అతడు బదులిచ్చాడు. చక్రవర్తి చివరికి సామాన్యుడిగానైనా బతకనిమ్మని వేడుకున్నా దొరకలేదు. ఆత్మహత్య చేసుకోవలసి వచ్చింది. తరువాత గద్దెనెక్కిన త్సు యింగ్ చావ్ గావ్‌ను చంపించినా, 46 రోజులకే లియు బాంగ్‌కు లొంగిపోయాడు. అటుపై షియాంగ్ యూ సేనలు రాజధానిని తగలబెట్టాయి.

ఆ సేవకుని జవాబును మనకు అందించిన సీమా చియెన్ కూడా ఒక కొలువులో నోరు విప్పినవాడే. ఓడి శత్రువుకు లొంగిన సేనాని లి లింగ్ పక్షాన హాన్ చక్రవర్తి ఎదుట మాట్లాడినందుకు ఆయనను వృషణచ్ఛేదంతో శిక్షించారు. వంశం మారింది, కొలువు స్వభావం పూర్తిగా మారలేదు. ఆయన ఆ అవమానాన్ని దిగమింగి గ్రంథాన్ని పూర్తిచేశాడు. నేటి ఏలికలు, వారికి నివేదికలు పంపే అధికారులు, వాటిని అచ్చువేసే మా వృత్తివారు కూడా ఆ సేవకుని జవాబును మరొకసారి చదువుకోవాలి. ఏలికను ప్రశ్నించలేని కొలువు ఆయనను కాపాడుతున్నట్టే కనిపిస్తుంది. ఆపద వాకిట్లోకి వచ్చాక, ఎందుకు చెప్పలేదని అడిగి లాభం లేదు.