బలమునకు వన్నె

మన తెలుగువారు పలువురు శంషాబాదు విమానాశ్రయమున విమానమెక్కి ఇటలీకి బోయి, ఫ్లారెన్సు నగరపు చిత్రశాలలను జూచి వచ్చుచున్నారు. ఆ నగరసమీపమున, పోంటె ఆ ఎమా యను గ్రామమున 1914 లో జన్మించిన జీనో బార్తాలి చరిత్రముకూడ మన మెరుగదగినది.

ఇతడు సైకిలు పందెములే జీవనముగా గొన్నవాడు. ఇటలీదేశపు మహాపందెమైన 'జీరో ద ఇటాలియా'ను 1936, 1937, 1946 సంవత్సరములలోను, ఫ్రాన్సుదేశపు 'టూర్ ద ఫ్రాన్స్'ను 1938, 1948 లలోను గెలిచెను. ఫ్రాన్సులోని రెండు విజయములకు నడుమ పదియేండ్ల యెడమున్నది. యుద్ధము మ్రింగిన యా యౌవనము వ్యర్థమయ్యెనని కొందరు తలపవచ్చును. మేమట్లు తలపము.

1943 సెప్టెంబరులో జర్మను సేనలు ఫ్లారెన్సు నాక్రమించి యూదులను వేటాడజొచ్చినవి. అప్పుడు బార్తాలి యొక యూదుకుటుంబమునకు ఆ నగరముననే దాగుచోటు చూపి కాపాడెను. సంగతి బయటపడినచో అతని ప్రాణమునకే ముప్పు. అయినను ఆ మేలును తరువాత లోకమునకు చాటుకొనలేదు. అతడు 2000 లో మరణించెను. ఇజ్రాయేలునందలి యాద్ వాషెం సంస్థ 2013 లో అతనిని ధర్మాత్ముల శ్రేణిలో జేర్చి గౌరవించినది.

మన బాలబాలికలకు వ్యాయామము నేర్పుచున్నాము, పతకములు గోరుచున్నాము. ఆ బలము దేనికొరకో వారికి చెప్పుచున్నామా? పర్వతమార్గముల నెక్కిన బార్తాలి వేగముకంటె, ఆపన్నులకు తలుపు తెరచిన యతని ధైర్యమే మన యిండ్లలో ముందుగా చెప్పదగిన కథ.