మన అమ్మకైతే సరిపోతుందా? ఇంగ్లండు కేర్ హోముల కథ

పోయిన నెల మన గ్రూపులో ఒక చెల్లి రాత్రి పదకొండింటికి వాయిస్ మెసేజ్ పెట్టింది. వాళ్ళ నాన్నగారు పోయాక అమ్మ హైదరాబాదులో ఒక్కతే ఉంటోందట. ఈమధ్య రెండుసార్లు బాత్రూములో జారిపడిందట. "సీనియర్ లివింగ్ అని ఏదో చూపిస్తున్నారక్కా, వీడియోలో చాలా బాగుంది. మంచిదో కాదో ఇక్కణ్ణుంచి ఎలా తెలుస్తుంది? మీరు అదే పనిలో ఉన్నారుగా" అని అడిగింది.

నిజమే, ఇంగ్లండులో కేర్ హోమ్ నర్సుగా నాకు పదకొండేళ్ళు నిండాయి. అయినా ఆ రాత్రి జవాబు చెప్పలేకపోయాను. మంచిదో కాదో ఎలా తెలుస్తుందన్న ప్రశ్న మీదే ఈ దేశం డెబ్భై ఎనభై ఏళ్ళుగా కిందామీదా పడుతోంది. ఆ కథ చెప్తే ఆ చెల్లికీ, అదే దిగులుతో ఉన్న మిగతావాళ్ళకీ ఉపయోగపడుతుందని రాస్తున్నాను.

ముందో చిన్న మాట. మన ఊళ్ళో నర్సింగ్ హోమ్ అంటే కాన్పులకీ ఆపరేషన్లకీ వెళ్ళే ప్రైవేటు ఆసుపత్రి. ఇక్కడ మాత్రం నర్సుల సాయం కావలసిన పెద్దవాళ్ళు చివరిదాకా ఉండే ఇల్లు. నేను నర్సింగ్ హోమ్‌లో చేస్తున్నానంటే మా అత్తగారు చాలాకాలం నేను పురుళ్ళు పోస్తున్నాననే అనుకున్నారు.

ఈ కథ వర్క్‌హౌస్ దగ్గర మొదలవుతుంది. 1834లో ఇంగ్లండు ప్రభుత్వం పేదల చట్టాన్ని మార్చింది. చేతకాని ముసలివాళ్ళయినా సరే, సాయం కావాలంటే చాలామందికి ఇక వర్క్‌హౌసే గతి. అక్కడ మొగుణ్ణీ పెళ్ళాన్నీ వేరు చేసేవారు, ఒకే రకం బట్టలు ఇచ్చేవారు. అక్కడికి రావాలంటే జనం భయపడాలని కావాలనే అలా పెట్టారు. ఆ భయం ఎంత లోతుగా దిగిందంటే, నేను చేరిన కొత్తలో తొంభై దాటిన ఒక పెద్దావిడ మా హోమ్ మెట్ల దగ్గర వాకర్ పట్టుకుని నిలబడిపోయి, "ఇది వర్క్‌హౌస్ కాదు కదా?" అని వాళ్ళబ్బాయిని అడిగింది. ఆ మాట నాకు అప్పుడు అర్థం కాలేదు.

రెండో ప్రపంచ యుద్ధం అయ్యాక ఆరోగ్య మంత్రి అనైరిన్ బెవన్, వర్క్‌హౌసులు పోవాలన్నాడు. వాటి బదులు పాతిక ముప్ఫై మంది ఉండే చిన్న ఇళ్ళు రావాలి, అందులో ఉండేవాళ్ళు హోటల్లో అతిథుల్లా డబ్బు కట్టి దర్జాగా ఉండాలి అన్నది ఆయన ఊహ. 1948 జూలై 5న నేషనల్ అసిస్టెన్స్ చట్టం అమల్లోకి వచ్చింది. అప్పటి పెన్షన్ వారానికి 26 షిల్లింగులు. అందులో 21 హోమ్‌కి, మిగిలిన ఐదూ వాళ్ళ చేతిఖర్చుకి. ఆ ఐదు షిల్లింగుల ఆలోచన నాకు భలే నచ్చుతుంది. మనవడికి చాక్లెట్టు కొనడానికి ఎవరినీ చెయ్యి చాచకూడదన్నమాట. కౌన్సిల్ ఖర్చు మీద హోమ్‌లో ఉండేవాళ్ళకి ఇప్పటికీ వారానికి ముప్ఫై పౌండ్ల చిల్లర చేతిఖర్చుకి వదలాలని రూలు ఉంది.

ఊహ బాగానే ఉంది, కట్టడానికే డబ్బు లేదు. యుద్ధంలో కూలిన ఇళ్ళు ముందు కట్టాలి కదా. దాంతో పాత వర్క్‌హౌసులకే కొత్త పేర్లు తగిలించి నడిపారు.

పదేళ్ళ తర్వాత పీటర్ టౌన్సెండ్ అనే ముప్ఫై ఏళ్ళ సామాజికశాస్త్రవేత్త, ఈ పేర్ల వెనక ఏముందో చూద్దామని బయల్దేరాడు. ఇంగ్లండు, వేల్స్‌లలో 173 హోములు తిరిగాడు. మేనేజర్లతో టీ తాగి రావడం కాదు. పెద్దవాళ్ళ పక్కన కూర్చుని మాట్లాడాడు, ఫొటోలు తీశాడు, ఒక పాత వర్క్‌హౌసులో కొన్నాళ్ళు స్నానాలు చేయించే పని కూడా చేశాడు. హోమ్ మంచి చెడ్డలకి మార్కులు వెయ్యడానికి ఒక పద్ధతి తయారు చేసుకున్నాడు. కట్టడం, సిబ్బంది వీటికే కాదు, చేసుకోవడానికి ఏదైనా పని ఉందా, రోజువారీ బతుకులో స్వేచ్ఛ ఎంత అన్నవాటికి కూడా మార్కులు పెట్టాడు. 1962లో ‘ది లాస్ట్ రెఫ్యూజ్’ పుస్తకం వచ్చింది. వరసగా మంచాలు వేసిన పెద్ద హాళ్ళు, సొంత వస్తువులు లేని మనుషులు, కిటికీలోంచి చూస్తూ గడిచే రోజులు అందులో ఉన్నాయి. అసలు ఇలాంటి హోములే వద్దు, సొంత ఇంట్లో ఉండేలా సాయం చెయ్యండి అని తేల్చేశాడు. నేనదే హోములో జీతం తీసుకుంటున్నదాన్ని, ఒప్పుకోవడం కష్టం. అయినా ఆయన మార్కుల పద్ధతి మాత్రం చాలా ముందుచూపు ఉన్నదే. దాదాపు నలభై అయిదేళ్ళ తర్వాత జూలియా జాన్సన్, షీనా రాల్ఫ్, ర్యాండల్ స్మిత్ అనే పరిశోధకులు వాలంటీర్ల సాయంతో ఆ 173 హోములు ఏమయ్యాయో వెతికి, మిగిలినవాటిలో కొన్నింటికి మళ్ళీ వెళ్ళి మరో పుస్తకం రాశారు.

1980లలో ప్రైవేటు హోములు పుట్టగొడుగుల్లా లేచాయి. చేతిలో డబ్బు లేనివాళ్ళు ప్రైవేటు హోములో చేరితే ఆ ఖర్చు ప్రభుత్వ భత్యం కిందే వచ్చేది. ఆ పద్దు 1979లో దాదాపు కోటి పౌండ్లు ఉండేది, 1990ల మొదటికి రెండు వందల కోట్లు దాటింది. పెద్ద పాత బంగళా ఉన్నవాళ్ళంతా హోమ్ తెరిచారు. వీటికి కళ్ళెం వెయ్యడానికి 1984లో రిజిస్టర్డ్ హోమ్స్ చట్టం వచ్చింది. దానితోపాటే లేడీ ఏవ్‌బరీ అధ్యక్షతన ఒక బృందం ‘హోమ్ లైఫ్’ అనే మంచి నియమావళి రాసింది. పెద్దవాళ్ళ గౌరవం, ఎవరి ఇష్టం వారిది అన్న మాటలు అందులో ఉన్నాయి. కానీ తనిఖీ చేసేది ఏ ఊరి కౌన్సిల్ వాళ్ళు ఆ ఊళ్ళో, ఒక్కో చోట ఒక్కో లెక్క.

దేశమంతా ఒకే లెక్క కావాలని కేర్ స్టాండర్డ్స్ చట్టం 2000లో వచ్చింది. 2002 ఏప్రిల్ నుంచి పెద్దవాళ్ళ హోములకి 38 కనీస ప్రమాణాలు. కొత్త హోమ్ అయితే ఒక్కరుండే గది 12 చదరపు మీటర్లు ఉండాలి. పాతవాళ్ళు కూడా 2007కల్లా 10 చదరపు మీటర్లకి తేవాలి. కేరర్లలో సగం మంది 2005కల్లా ఎన్‌వీక్యూ లెవెల్ 2 పాసవ్వాలి. ఇరవై నాలుగో ప్రమాణం నాకు చాలా ఇష్టం. ఎవరి గది తలుపుకి వాళ్ళు వేసుకోగలిగిన తాళం ఉండాలి, అవసరమైతే సిబ్బంది బయటినుంచి తీయగలగాలి, గదిలో తాళం పడే అర ఒకటి ఉండాలి.

గోల మాత్రం గదుల కొలతల మీదే జరిగింది. గోడలు కొట్టి కట్టలేం, మూసేస్తాం అని చిన్న హోముల వాళ్ళు మొత్తుకున్నారు. కొందరు మూసేశారు కూడా. ఆ ఏడాదే ప్రభుత్వం వెనక్కి తగ్గి పాత హోములకి ఆ కొలతల నుంచి మినహాయింపు ఇచ్చింది. ఇక తనిఖీ సంస్థ సంగతి చూడండి. 2002లో ఒకటి పెట్టారు, మూడు వారాలు కాకుండానే దాన్ని మార్చేస్తామన్నారు. 2004లో రెండోది, 2009లో మూడోది వచ్చాయి. ఆ మూడోదే ఇప్పుడు మేమందరం పేరు చెప్తే ఉలిక్కిపడే సీక్యూసీ. ఇదంతా ఇంగ్లండు వరకే. స్కాట్లండు, వేల్స్‌లకి వాళ్ళ వాళ్ళ సంస్థలు ఉన్నాయి.

2012లో బీబీసీ పనోరమాలో ఒక కార్యక్రమం వచ్చింది. లండన్‌లో ఒక హోమ్‌లో ఉన్న ఎనభై ఏళ్ళ తల్లి ఒంటి మీద కమిలిన గుర్తులు చూసి, కూతురు గదిలో అలారం గడియారంలో చిన్న కెమెరా దాచింది. ఒక కేరర్ ఆవిణ్ణి కొట్టడం అందులో పడింది. తనిఖీ లెక్కల్లో ఆ హోముకి "ఎక్సలెంట్" ఉంది.

దానికి ముందు ఏడాదే ససెక్స్‌లో ఆర్కిడ్ వ్యూ అనే హోమ్ మూతపడింది. సదరన్ క్రాస్ అనే పెద్ద కంపెనీది, హోటల్ లాంటి కొత్త కట్టడం. 2010లో దానికి "గుడ్" అని రేటింగు. ఒక్క రాత్రి షిఫ్టులోనే 28 మందుల తప్పులు జరిగాయి. ఆ మందుల చార్టులు చింపి పారెయ్యమని ఆఫీసులో పనిచేసే ఆవిడకి చెప్తే, ఆవిడ చింపకుండా పోలీసుల దగ్గరికి వెళ్ళింది. 2013లో కరోనర్ విచారణలో 19 మరణాలు పరిశీలించి, అందులో ఐదింటికి నిర్లక్ష్యం తోడైందని తేల్చారు.

ఆ రిపోర్టు చదివిన రోజు నాకు నిద్ర పట్టలేదు. నా మొదటి ఉద్యోగంలో రాత్రిళ్ళు ముప్ఫై మందికి మేం ఇద్దరమే. రెండు గంటలకోసారి పక్కకి తిప్పాలి, ఎన్నింటికి తిప్పామో చార్టులో రాయాలి, ఎన్ని నీళ్ళు తాగారో రాయాలి. తెల్లారి అయిదింటికి కూర్చుని రాత్రంతా జరిగినట్టు వరసగా నింపేసేవాళ్ళం. ఒకావిడ పెదాలు ఎండి పగిలిపోయి ఉన్నాయి, చార్టు చూస్తే లీటరున్నర తాగినట్టుంది. ఆ కాగితం మీద కింద నా సంతకం కూడా ఉంది. ఆ వారంలోనే తనిఖీ వాళ్ళు వచ్చారు. చార్టులు చక్కగా ఉన్నాయని మెచ్చుకుని వెళ్ళారు. ఎవరూ నన్ను ఏమీ అనలేదు. ఆ తర్వాత నేను హోమ్ మారాను గానీ ఆ పెదాలు మర్చిపోలేదు.

2013 అక్టోబరులో పెద్దవాళ్ళ సేవల విభాగానికి సీక్యూసీ చీఫ్ ఇన్‌స్పెక్టరుగా వచ్చిన ఆండ్రియా సట్‌క్లిఫ్ తన ఇన్‌స్పెక్టర్లకి చెప్పిన ఒక పరీక్ష అందరి నోళ్ళలో పడింది. దాన్నే "మమ్ టెస్ట్" అంటారు. ఈ హోమ్‌లో మా అమ్మనో, నేను ప్రేమించే మరొకరినో ఉంచడానికి నా మనసు ఒప్పుకుంటుందా అని ప్రతి ఇన్‌స్పెక్టరూ తనని తాను అడుక్కోవాలి. 2014 నుంచి తనిఖీ అయిదు ప్రశ్నల మీద నడిచింది: భద్రంగా ఉందా, పని ఫలిస్తోందా, ఆప్యాయత ఉందా, మనిషి అవసరాన్ని బట్టి మారుతున్నారా, నడిపేవాళ్ళు సరైనవాళ్ళేనా. 2015 ఏప్రిల్ నుంచి వచ్చిన రేటింగును అందరికీ కనపడేలా గోడకి పెట్టి తీరాలి. కొత్త కేరర్లు చదవాల్సిన కేర్ సర్టిఫికెట్ కూడా అప్పుడే వచ్చింది. మనవాళ్ళు చాలామంది కళ్ళు నలుపుకుంటూ పూర్తి చేసింది అదే. 2022 ఫిబ్రవరిలో కేరర్లకి వీసా తెరిచాక గుంటూరు, ఖమ్మం, కరీంనగర్ అమ్మాయిలు ఎంతమంది వచ్చారో మనకి తెలుసు. 2025 జూలైలో ఆ తలుపు మూశారు.

ఇన్ని చేసినా 2020లో కోవిడ్ వచ్చినప్పుడు పరీక్షలు లేకుండానే ఆసుపత్రుల నుంచి పెద్దవాళ్ళని హోములకి పంపారు. ఆ విధానం చట్టవిరుద్ధమని 2022లో హైకోర్టు చెప్పింది. కూతుళ్ళు కిటికీ అద్దం బయట నిలబడి చెయ్యి ఊపి వెళ్ళిన రోజులు నేను చూశాను. వాళ్ళే ఊరుకోకుండా పోరాడగా, 2024 ఏప్రిల్‌లో కొత్త నిబంధన వచ్చింది. గట్టి కారణం లేకుండా హోమ్ వాళ్ళు చూడటానికి వచ్చినవాళ్ళని ఆపకూడదు.

ఇక మన దేశానికి వస్తే, 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టం వచ్చింది. ఆధారం లేని పెద్దవాళ్ళకి జిల్లాకొక వృద్ధాశ్రమమైనా, కనీసం 150 మందికి సరిపడేలా రాష్ట్రాలు దశలవారీగా పెట్టవచ్చని అందులో ఉంది. కానీ ఇక్కడిలా ప్రతి హోమ్‌నీ చూసి మార్కు వేసి గోడకి అంటించే పద్ధతి లేదు. అందుకని చెల్లీ, ఆ ఇన్‌స్పెక్టరు పని మనమే చేసుకోవాలి. వీడియో పక్కన పెట్టు. మీ అన్నయ్యనో పిన్నినో చెప్పకుండా వెళ్ళమను, అదీ రాత్రి ఎనిమిది దాటాక. రాత్రి ఎంతమంది ఉంటారో, వాళ్ళెన్నాళ్ళుగా చేస్తున్నారో అడగమను. బెల్లు నొక్కి ఎంతసేపటికి వస్తారో చూడమను. అక్కడున్న పెద్దావిడల్లో ఒకరితో మేనేజరు పక్కన లేకుండా మాట్లాడమను. గ్లాసులో నీళ్ళు చేతికి అందేచోట ఉన్నాయో లేదో చూడమను.

మొన్న సంక్రాంతికి వెళ్ళినప్పుడు నేనూ మా అమ్మని తీసుకుని విజయవాడ దగ్గర ఒకచోటికి వెళ్ళాను. పాలరాతి నేల, లిఫ్టు, గుడి, కెమెరాలు అన్నీ చూపించారు. నేను నా లిస్టంతా అడిగాను. అబ్బాయి ఓపిగ్గానే చెప్పాడు. అమ్మ అంతసేపూ ఏమీ అనకుండా గది తలుపు దగ్గర నిలబడి, దాన్ని ఒకసారి వేసి తీసి చూసింది.

"బాబూ, దీనికి లోపల గడియ లేదేం?"

"ఎందుకండీ అమ్మగారూ, మేమంతా ఉన్నాం కదా" అన్నాడు.

లోపల వేసుకున్నా బయటినుంచి తీయగలిగే తాళాలు దొరుకుతాయని ఆ అబ్బాయికి చెప్పాను. మా సార్‌ని అడిగి ఫోన్ చేస్తానన్నాడు. ఇంకా చెయ్యలేదు. అమ్మ ప్రస్తుతం తెనాలిలో మా ఇంట్లోనే ఉంది. రాత్రిళ్ళు పక్కింటి వాళ్ళమ్మాయి వచ్చి పడుకుంటోంది.