పుల్లరి యుద్ధం, పెన్న ఒడ్డు భారతం

ఖడ్గ తిక్కన కథ నెల్లూరు సీమలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. యుద్ధభూమి నుంచి వెనక్కి వచ్చిన మగడికి భార్య చానమ్మ స్నానానికి నీళ్ళు తోడి, మంచం అడ్డం పెట్టి, పక్కన పసుపు ముద్ద ఉంచింది. భోజనానికి కూర్చుంటే తల్లి ప్రోలమ్మ విరిగిన పాలు పోసింది. ఆ అవమానం తట్టుకోలేక అతను మళ్ళీ కత్తి పట్టుకుని వెళ్ళాడు, తిరిగి రాలేదు. చాటుపద్యాల్లో, నాటకాల్లో ఈ కథను పౌరుషానికి ఉదాహరణగా చెప్పుకుంటూ వచ్చాం. ఆ యుద్ధం దేనికి జరిగిందో చెప్పేవాళ్ళు మాత్రం తక్కువ. గడ్డి కోసం జరిగింది.

13వ శతాబ్దం నడుమ నెల్లూరును తెలుగు చోడుల రాజు మనుమసిద్ధి ఏలుతున్నాడు. ఊరి పేరు అప్పట్లో విక్రమసింహపురి. ఎగువన ఎర్రగడ్డపాడు ప్రాంతంలో ఆవుల మందలు మేపుకునే యాదవులకు కరువు వచ్చింది. వాళ్ళ నాయకుడు కాటమరాజు మందలను తోలుకుని నెల్లూరు రాజ్యపు బీళ్ళకు దిగాడు. ఒప్పందం కుదిరింది. మేపుకున్నందుకు పుల్లరి కింద కోడెదూడలను రాజుకు అప్పగించాలి. తీరా దిగాక అక్కడా వానలు లేవు. మందలు పైర్ల మీద పడ్డాయి. రాజు తరఫు వాళ్ళు పశువులను చంపారు. చచ్చిన ఆవులకు జవాబు చెప్పందే పుల్లరి కట్టేది లేదని కాటమరాజు తెగేసి చెప్పాడు. లేఖలు నడిచాయి, రాయబారాలు నడిచాయి. చివరికి పాలేటి ఒడ్డున పంచలింగాల దగ్గర సేనలు మోహరించాయి. నెల్లూరు సేనాని ఖడ్గ తిక్కన. అతనికి ఎదురు నిలిచినవాడు బ్రహ్మరుద్రయ్య. ఇద్దరూ పోయారు.

ఈ వివరాలన్నీ మనకు దక్కింది రాజుగారి ఆస్థానం వల్ల కాదు. యాదవుల ఆశ్రితులైన కొమ్మువాళ్ళు గంగ జాతరల్లో రాత్రుళ్ళ తరబడి పాడుతూ కాటమరాజు కథలను కాపాడారు. తంగిరాల వెంకట సుబ్బారావు ఏళ్ళ తరబడి శ్రమపడి వాటిని సేకరించి, పరిష్కరించి, గ్రంథస్థం చేశారు. వీరగాథ అనగానే కత్తులు, తలలు, నెత్తుటేరులు గుర్తొస్తాయి. అవి ఇందులో లేకపోలేదు. కానీ ఈ కథలో ఎక్కువ చోటు ఆక్రమించేది బేరం. ఎవరు ఏ మాట ఇచ్చారు, ఎక్కడ తప్పారు, ఎవరి పైరు పోయింది, ఎవరి ఆవు చచ్చింది అన్న లెక్క. యుద్ధం మీద వచ్చిన పుస్తకాన్ని తూచడానికి నా దగ్గర ఒకటే తూనిక ఉంది. కత్తి దూయకముందు జరిగిన మాటలను అది ఎంత ఓపికగా చెబుతుందో చూస్తాను. ఆ తూనికలో కాటమరాజు కథ బరువుగానే తూగుతుంది.

దాని పక్కన తూగే రెండో పుస్తకం ఖడ్గ తిక్కన ఇంట్లోనే పుట్టింది.

ఖడ్గ తిక్కన సిద్ధన కొడుకు. సిద్ధన అన్నదమ్ముల్లో ఒకడైన కొమ్మన కొడుకు కవి తిక్కన. పేరు ఒకటే, ఇల్లు ఒకటే, రాజు ఒకడే. ఒకరు సేనాని, ఒకరు మంత్రి. పుల్లరి యుద్ధం మీద మంత్రిగారి కావ్యమేదీ మనకు లేదు. ఆయన నన్నయ వదిలిన భారతాన్ని విరాటపర్వం నుంచి అందుకుని 15 పర్వాలు ఒంటిచేత్తో పూర్తిచేశాడు. అరణ్యపర్వంలో మిగిలిపోయిన భాగాన్ని తరువాతి శతాబ్దంలో ఎర్రన పూరించాడు. ఆయనదీ ఈ సీమే, కందుకూరు వైపు గుడ్లూరు. నెల్లూరులో పెన్న ఒడ్డున రంగనాయకస్వామి గుడి దగ్గరే తిక్కన భారతం రాశాడని ఊరివాళ్ళ నమ్మకం.

తిక్కన భారతంలో ఉద్యోగపర్వం చదవండి. అది నిండా మాటలే. సంజయుడు వస్తాడు, వెళ్తాడు. ధర్మరాజు అర్ధరాజ్యం నుంచి అయిదూళ్ళ దాకా దిగివస్తాడు. కృష్ణుడు హస్తినకు బయల్దేరుతుంటే ద్రౌపది తన జుట్టు చూపించి నిలదీస్తుంది. నాకు ఈ పర్వంలో అన్నిటికన్నా విలువైనది ఈ చోటే. సంధి కావాలనే కవి ద్రౌపది నోరు మూయించలేదు. అన్యాయం జరిగిన మనిషిని పక్కకు నెట్టి కుదిర్చే రాజీ ఎంత డొల్లదో, రాజసభల్లో తిరిగిన ఆ మంత్రికి తెలుసు. అదే తిక్కన భీష్మపర్వానికి వచ్చేసరికి 700 శ్లోకాల గీతను కొద్ది పద్యాల్లో ముగించి ముందుకు సాగాడు. కొట్లాడమని చెప్పే బోధ దగ్గర క్లుప్తత, కొట్లాట వద్దని చెప్పే రాయబారం దగ్గర విస్తారం. పండితులు దీనికి వేరే కారణాలు చెప్పవచ్చు. నేను మాత్రం కవి మొగ్గు ఎటో ఇక్కడే కనబడుతుందంటాను. తరువాత స్త్రీపర్వంలో గాంధారి శవాల మధ్య నడుస్తుంటే, గెలిచినవాళ్ళ మొహాల్లోనూ వెలుగు ఉండదు.

తెలుగువాళ్ళకు ఆ రుచి బాగా పట్టింది. తిరుపతి వెంకట కవుల పాండవోద్యోగ విజయాలు ఊరూరా ఆడితే, జనం ఒన్స్ మోర్ కొట్టింది రాయబారం పద్యాలకే. విఫలమైన శాంతి చర్చ ఒకటి ఇంత పెద్ద ప్రజావినోదం కావడం మరెక్కడైనా జరిగిందో లేదో!

ఇంతకీ తిక్కన నిజజీవితంలోనూ రాయబారి. దాయాదులు అక్కన, బయ్యన మనుమసిద్ధిని గద్దె దించితే, తిక్కన ఓరుగల్లు వెళ్ళి కాకతీయ గణపతిదేవుణ్ణి ఆశ్రయించాడని తరువాతి కాలపు కావ్యాలు సిద్ధేశ్వర చరిత్ర, సోమదేవరాజీయం చెబుతున్నాయి. ఆ రాయబారం ఫలించింది. కానీ వెంట వచ్చింది సంధి కాదు, సేన. మనుమసిద్ధి గద్దె కాకతీయుల కత్తితో తిరిగి వచ్చింది. తిక్కనను అహింసామూర్తిగా చూపించేవాళ్ళు ఈ పుట తిప్పేస్తారు. తిప్పకూడదు. శాంతి గురించి బాగా రాసినవాళ్ళంతా యుద్ధానికి దూరంగా కూర్చున్నవాళ్ళేమీ కాదు.

ఆయన చేసిన శాంతి పని ఇంకొకటి ఉంది, కృతిభర్త ఎంపిక. నిర్వచనోత్తర రామాయణాన్ని మనుమసిద్ధికి అంకితం ఇచ్చిన తిక్కన, భారతాన్ని ఏ రాజుకూ ఇవ్వలేదు, హరిహరనాథుడికి ఇచ్చాడు. శైవులు, వైష్ణవులు ఒకరినొకరు సహించలేని రోజులవి. సగం శివుడు, సగం విష్ణువు అయిన దేవుణ్ణి అంత పెద్ద గ్రంథం నెత్తిన కూర్చోబెట్టడం అప్పటి లెక్కలో తెగువే.

ఓరుగల్లు గణపతిదేవుడి పేరు వచ్చింది కనుక ఒక రాతి పుస్తకం గురించీ చెప్పాలి. ఇదే తీరం వెంట ఉత్తరంగా వెళితే, నేటి బాపట్ల జిల్లాలో మోటుపల్లి. అక్కడ 1244-45లో ఆయన వేయించిన అభయశాసనం ఉంది. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకును పూర్వపు రాజులు లాక్కునేవారనీ, తాను దయతో ఆ పద్ధతి మాని, నిర్ణయించిన సుంకం మాత్రమే తీసుకుంటాననీ అందులో ఉంది. ఓడిపోయినవాడి సొత్తు దోచుకోవడం యుద్ధనీతి అయిన రోజుల్లో, ఒడ్డున పడ్డ పరాయివాడి సొత్తు ముట్టనని రాయి మీద చెక్కించడం చిన్న సంగతి కాదు.

ఇక దాదాపు ఏడు వందల ఏళ్ళు దాటి పల్లెపాడు రావాలి. ఇందుకూరుపేట మండలంలో పెన్న ఒడ్డు ఊరు. 1921 ఏప్రిల్ 7న గాంధీ ఇక్కడ పినాకినీ సత్యాగ్రహాశ్రమాన్ని ప్రారంభించారు. దిగుమర్తి హనుమంతరావు, చతుర్వేదుల కృష్ణయ్య దాన్ని నిలబెట్టినవాళ్ళు. భవనానికి డబ్బు ఇచ్చింది దక్షిణాఫ్రికాలో గాంధీ సహచరుడైన పార్సీ రుస్తుంజీ. స్థలం వెనక ఇంకో కథ ఉంది. నెల్లూరు నాయకురాలు పొణకా కనకమ్మ మొదట తిలక్ బాటలో నడిచిన మనిషి. సాయుధ విప్లవం తలపెట్టిన మిత్రులకు రహస్య స్థావరంగా పనికొస్తుందని పల్లెపాడులో పొలం కొన్నారు. గాంధీ మార్గం పట్టాక ఆ నేల ఆశ్రమానికి పోయింది. ఈ మలుపు ఆమె ఆత్మకథ ‘కనకపుష్యరాగం’లో చదవవచ్చు. యుద్ధం నుంచి శాంతి వైపు మళ్ళిన ఒక మనసు తనంతట తాను రాసుకున్న పుస్తకం అది. మన జిల్లా గ్రంథాలయాల్లో దానికి దక్కాల్సిన చోటు దక్కలేదని నా ఫిర్యాదు.

గాంధీ కూడా భారతాన్ని తిక్కన చదివినట్టే చదివారు. 1930లో దండి నడక మొదలైన రోజునే వెలువడిన తన గీతానువాదం ‘అనాసక్తి యోగం’ ముందుమాటలో, వ్యాసుడు చూపించింది యుద్ధం గొప్పతనం కాదు, దాని వ్యర్థత అని వాదించారు.

పుల్లరి గొడవ మాత్రం కాటమరాజుతో తీరలేదు. పల్లెపాడు ఆశ్రమం వెలసిన మరుసటి ఏడాది, 1922 ఫిబ్రవరిలో, పల్నాడులో అడవి పుల్లరి కట్టేది లేదన్న కన్నెగంటి హనుమంతు తెల్లవాడి తుపాకులకు బలయ్యాడు. రాజు మారాడు, ఆయుధం మారింది, తగాదా అదే.

విక్రమసింహపురి పేరు పెట్టుకున్న విశ్వవిద్యాలయం నెల్లూరులో ఉంది. కవిత్రయ భారతాన్ని తిరుమల తిరుపతి దేవస్థానం తాత్పర్య వ్యాఖ్యలతో అచ్చు వేసింది. కాటమరాజు కథలు గ్రంథరూపంలో ఉన్నాయి, పాడేవాళ్ళు కొందరైనా మిగిలారు. ఉద్యోగపర్వాన్నీ కాటమరాజు కథనూ పక్కపక్కన పెట్టి చెప్పే పాఠం ఒకటి ఆ విశ్వవిద్యాలయంలో మొదలుపెట్టాలి. ఆ తరగతికి పద్యం వచ్చిన పండితుణ్ణి ఎలాగూ పిలుస్తారు. కొమ్మువాళ్ళను కూడా పిలవాలి, వచ్చినందుకు పండితుడికి ఇచ్చినంతే ఇవ్వాలి.